ఒక సంతకం, ఎందరో ఖాతాదారులు

బ్యాంకులో ఇరవై ఏళ్లు పనిచేసినవాడికి ఫారం నింపడం పెద్ద విషయం కాదు. ఖాతా తెరిచే ఫారమైనా, అప్పు ఫారమైనా, నామినేషన్ ఫారమైనా ఎక్కడ టిక్ పెట్టాలో, ఎక్కడ సంతకం చేయాలో కళ్లు మూసుకుని చెప్పగలం. అలాంటి నేను కిందటేడు ఒక నాలుగు పేజీల ఫారం ముందు పెట్టుకుని మూడు వారాలు తర్జనభర్జన పడ్డాను.

సంగతి ఇది. మా నాన్నగారు 52వ ఏట గుండె జబ్బుతో పోయారు. గుండె పెద్దదైపోయింది, రక్తాన్ని సరిగా తోయలేకపోతోంది అన్నారు అప్పటి డాక్టర్లు. నాకిప్పుడు 46. పరీక్షలు చేయించుకుందామని ఆసుపత్రికి వెళ్తే, వంశపారంపర్యంగా వచ్చే గుండె జబ్బుల మీద పరిశోధన చేస్తున్న వైద్య బృందం ఒకటి కలిసింది. కొద్దిగా రక్తం ఇస్తే అందులోని డీఎన్ఏను చదువుతామన్నారు. డబ్బు ఇవ్వరు, తీసుకోరు. ఇష్టమైతేనే ఇవ్వవచ్చు. ఆ ఫారంలో ముఖ్యంగా మూడు ప్రశ్నలున్నాయి.

ఒకటి: మీ రక్తం నమూనాను ఈ ఒక్క పరిశోధనకే వాడాలా, ముందుముందు జరిగే వేరే పరిశోధనలకూ వాడవచ్చా? రెండు: మీ పేరు తీసేసి, మీ సమాచారాన్ని ఇతర పరిశోధకులతో పంచుకోవచ్చా? మూడు: మీ ఆరోగ్యానికి సంబంధించినది ఏదైనా బయటపడితే మీకు చెప్పమంటారా, వద్దంటారా?

మూడింటికీ "అవును" అని టిక్ పెట్టేసి ఇంటికి తెచ్చాను, సంతకం ఒక్కటే మిగిలింది. మా ఆవిడ చదివి ఒకే మాట అడిగింది. "మీరొక్కరే అవునంటే సరిపోతుందా? మీ తమ్ముడిని అడిగారా?"

నా రక్తానికి తమ్ముడి అనుమతి ఎందుకు? మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆ ప్రశ్నలో ఉన్న బరువు తెలిసింది. అప్పటి నుంచి ఈ విషయం గురించి చదివింది, ఇంట్లో మాట్లాడుకున్నది మన బ్యాంకు కుటుంబాలతో పంచుకోవాలనిపించింది. ఇలాంటి ఫారం రేపు మీ ఇంటికీ రావచ్చు.

ఎందుకు రావచ్చంటే

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ సుమారు 300 కోట్ల అక్షరాల పుస్తకం రెండు ప్రతులుగా ఉంటుంది. దానినే జీనోమ్ అంటారు. ఒక ప్రతి అమ్మ నుంచి, ఒక ప్రతి నాన్న నుంచి వస్తుంది. ఒకరి జీనోమ్‌ను మొత్తం చదవడం ఒకప్పుడు కోట్ల ఖర్చుతో కూడిన పని. ఇప్పుడది పెద్ద ఆసుపత్రులకు, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వచ్చింది.

మన దేశంలో 2019లో సీఎస్ఐఆర్ సంస్థలైన ఢిల్లీలోని ఐజీఐబీ, హైదరాబాద్‌లోని సీసీఎంబీ కలిసి 'ఇండిజెన్' కార్యక్రమం కింద వెయ్యిమందికి పైగా భారతీయుల జీనోమ్‌లను చదివాయి. తర్వాత కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 'జీనోమ్ ఇండియా' పేరుతో పది వేల మంది జీనోమ్‌లను చదివించింది. ఆ సమాచారాన్ని ఫరీదాబాద్‌లోని భారతీయ బయలాజికల్ డేటా సెంటర్‌లో భద్రపరిచి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. వీటన్నిటి వెనుకా మనలాంటి మామూలు మనుషులున్నారు. చెయ్యి చాపి రక్తం ఇచ్చి, ఒక ఫారం మీద సంతకం చేసినవాళ్లు.

అలా ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారు? ఏమి ఆశిస్తారు, దేనికి భయపడతారు? ఈ ప్రశ్నల మీదే చాలా దేశాల్లో అధ్యయనాలు జరిగాయి.

ఇవ్వడానికి కాదు, అడగకపోవడానికే కోపం

'యువర్ డీఎన్ఏ, యువర్ సే' అనే అంతర్జాతీయ సర్వేలో మన దేశంతో సహా 22 దేశాల నుంచి 36 వేల మందికి పైగా పాల్గొన్నారు. ఫలితాలు 2020లో వచ్చాయి. అందులో తేలిన ముఖ్య విషయం మనకు కొత్తది కాదు. ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి జనం జవాబు మారుతుంది. తమ డాక్టరుకు ఇవ్వడానికి సుముఖంగా ఉన్నవాళ్లు లాభం కోసం నడిచే కంపెనీకి అనేసరికి వెనక్కి తగ్గుతారు. మన కౌంటర్ దగ్గరా అంతే కదా. పాన్ కార్డు నకలు మనకు నిశ్చింతగా ఇచ్చే ఖాతాదారు, అదే కాగితం ఫోన్లో ఎవరో అడిగితే ఇవ్వడు. ఇవ్వకూడదు కూడా.

నమ్మకం పోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అమెరికాలో ఉంది. గ్రాండ్ కేన్యన్ లోయలో హవసుపాయ్ అనే చిన్న ఆదివాసీ తెగ నివసిస్తుంది. వాళ్లలో మధుమేహం ఎక్కువ. 1990 ప్రాంతంలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మధుమేహం గురించి తెలుసుకుంటామని చెబితే ఆ తెగవాళ్లు రక్తం ఇచ్చారు. చాలా ఏళ్ల తర్వాత బయటపడిన సంగతేమిటంటే, అదే రక్తం మీద స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధి గురించి, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్నదాని గురించి కూడా పరిశోధనలు చేశారు. తాము ఆ లోయలోనే పుట్టామన్నది వాళ్ల విశ్వాసం. కోర్టు వివాదం నడిచి, 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి అప్పగించింది.

ఆ తెగవాళ్లు పరిశోధనకు వ్యతిరేకులు కారు. రక్తం ఇచ్చింది వాళ్లే. ఒక పనికని తీసుకున్నది అడగకుండా మరో పనికి వాడారన్నదే వాళ్ల బాధ. ఇంటి కోసం తీసుకున్న అప్పును వేరేదానికి మళ్లిస్తే మనం ఊరుకుంటామా? ఫారంలోని మొదటి ప్రశ్న ఎందుకుందో నాకు ఇక్కడ అర్థమైంది.

పేరు తీసేస్తే సరిపోతుందా?

రెండో ప్రశ్న గోప్యతది. పేరు, చిరునామా తీసేసి ఒక సంకేత సంఖ్య ఇస్తామని ప్రతి ఫారమూ చెబుతుంది. అది అవసరమే. కానీ డీఎన్ఏ విషయంలో అదొక్కటే చాలదు.

2013లో అమెరికాలో యానివ్ ఎర్లిక్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అక్కడ ఇంటిపేరు కూడా, మన దగ్గరలాగే, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. తమ వంశవృక్షం వెతుక్కునేవాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన సమాచారంతో పోల్చి చూస్తే, పేరు లేని డీఎన్ఏ నుంచి ఇంటిపేరును ఊహించవచ్చని ఆ బృందం చూపించింది. దానికి వయసు, రాష్ట్రం జోడిస్తే మనిషి దొరికిపోతాడు. అలా పరిశోధనకు డీఎన్ఏ ఇచ్చినవాళ్లలో, వాళ్ల కుటుంబాల్లో కలిపి దాదాపు 50 మందిని గుర్తించగలిగారు. ఎవరికీ హాని చేయడానికి కాదు, లోపం ఎక్కడుందో చూపించడానికే ఈ పని చేశారు. దాని తర్వాత సమాచారం దాచే పద్ధతులు మారాయి.

2018లో కాలిఫోర్నియా పోలీసులు 1970, 80లలో వరుస హత్యలు, అత్యాచారాలు చేసిన నేరస్తుణ్ని ఇదే దారిలో పట్టుకున్నారు. అతడు ఎక్కడా తన డీఎన్ఏ ఇవ్వలేదు. వంశవృక్షాల వెబ్‌సైట్‌లో అతని దూరపు చుట్టాలు ఇచ్చారు. హంతకుడు దొరకడం మంచిదే. కానీ మనం ఇవ్వకపోయినా మన చుట్టం ఇస్తే మన దాకా దారి పడుతుందన్న సంగతి ప్రపంచానికి తెలిసింది ఆ రోజే.

'23అండ్‌మీ' అనే అమెరికా కంపెనీలో 2023లో దాదాపు 69 లక్షల మంది వినియోగదారుల సమాచారం చోరులకు చిక్కింది. 2025లో ఆ కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. కంపెనీ చేతులు మారితే లక్షల మంది డీఎన్ఏ సమాచారం ఎవరి చేతికి వెళ్తుందన్న చర్చ అక్కడ పెద్దదే జరిగింది. పాస్‌వర్డ్ దొంగతనమైతే మార్చుకుంటాం. కార్డు పోతే బ్లాక్ చేయించి కొత్తది తీసుకుంటాం. డీఎన్ఏకు కొత్త కార్డు రాదు.

ఇదంతా చదివి ఇవ్వొద్దని నేను చెప్పడం లేదు. లాకరు ఎంత గట్టిదో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడిగి ఇవ్వాలి, అంతే.

తెలుసుకోవాలా, వద్దా?

అన్నిటికంటే కష్టమైనది మూడో ప్రశ్న. ఎవరినడిగినా మొదట "తెలుసుకోవడమే మంచిది కదా" అంటారు. నేనూ అదే అన్నాను. తీరా ఆ గడప దాకా వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు.

హంటింగ్టన్ వ్యాధి దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. నడివయసులో మొదలై, కాళ్లూ చేతులూ అదుపు తప్పి, మతి తప్పి, చివరికి ప్రాణం తీసే జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. దాన్ని ఆపే మందు లేదు. పరీక్ష రాకముందు ఆ కుటుంబాల వాళ్లను అడిగితే సగానికి పైగా చేయించుకుంటామన్నారు. పరీక్ష వచ్చాక చాలా దేశాల్లో నిజంగా చేయించుకున్నది ఐదో వంతు, లేదా అంతకన్నా తక్కువ.

నాన్సీ వెక్స్‌లర్ అనే శాస్త్రవేత్త తల్లి ఆ జబ్బుతోనే పోయింది. నాన్సీ వెనెజులాలోని మారకైబో సరస్సు తీర గ్రామాలకు ఏటా వెళ్లి, అక్కడి బాధితుల రక్త నమూనాలు సేకరించింది. వాటి ఆధారంగానే 1993లో ఆ జబ్బు జన్యువును కనుక్కున్నారు. పరీక్ష రావడానికి అంత శ్రమపడిన ఆమె తన ఫలితం తెలుసుకోకుండానే ఏళ్ల తరబడి పనిచేసింది. చివరికి 2020లో, తనకూ ఆ జబ్బు ఉందని బయటపెట్టింది.

డీఎన్ఏ నిర్మాణాన్ని 1953లో కనుక్కున్న ఇద్దరిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ సంగతీ అంతే. 2007లో ఆయన జీనోమ్‌ను మొత్తం చదివి ఆయనకే ఇచ్చారు. అంతా ప్రచురించమన్నాడు, ఒక్క జన్యువు తప్ప. అల్జీమర్స్ ప్రమాదాన్ని సూచించే ఏపీఓఈ జన్యువు ఫలితం తనకూ చెప్పొద్దన్నాడు. ఆయన నాయనమ్మో అమ్మమ్మో, ఆ తరంలో ఒకామె అల్జీమర్స్‌తో పోయింది. జన్యుశాస్త్రం అంతగా తెలిసినవాడికే ఆ భయం ఉంటే మనం తటపటాయించడంలో తప్పేముంది?

అయితే తెలిస్తే మనిషి కుంగిపోతాడని కూడా అనుకోనక్కర్లేదు. అమెరికాలో 'రివీల్' అనే అధ్యయనంలో, తల్లికో తండ్రికో అల్జీమర్స్ ఉన్న 162 మందిని తీసుకుని, కొందరికి తమ ఏపీఓఈ ఫలితం చెప్పి, కొందరికి చెప్పకుండా ఏడాది పాటు గమనించారు. 2009లో వచ్చిన ఫలితం ప్రకారం ఆందోళన, దిగులు విషయంలో రెండు వర్గాల మధ్య పెద్ద తేడా లేదు. కానీ ఒకటి మరచిపోకూడదు. వాళ్లంతా తెలుసుకోవాలని కోరి వచ్చినవాళ్లు. పక్కన కూర్చుని వివరించే నిపుణులూ ఉన్నారు. పోస్టులో వచ్చిన కవరు చింపి ఒంటరిగా చదువుకున్నవాళ్లు కారు.

చేయగలిగింది ఉన్నప్పుడు

ఫలితం తెలిస్తే చేయగలిగింది ఏమైనా ఉందా? జనం నిర్ణయం ఎక్కువగా ఈ ప్రశ్న మీదే ఆధారపడుతుందని నాకు అర్థమైంది.

మన తెలుగు నేల మీదే దీనికి ఉదాహరణ ఉంది. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్నవాళ్లలో అది గంటల తరబడి పోదు, అంతసేపూ ఊపిరి తీసుకోలేరు. ఈ లోపం మన వైశ్య కుటుంబాల్లో మిగతావాళ్లకంటే చాలా ఎక్కువని మత్తు డాక్టర్లు గమనించారు. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, అమెరికా సహచరులు ప్రచురించిన అధ్యయనం కారణం వివరించింది. తరతరాలుగా ఒకే సమూహంలో పెళ్లిళ్లు జరగడం వల్ల, ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల్లో ఉన్న జన్యుమార్పు ఆ సమూహంలో వ్యాపించింది. ఇది ఏ కులానికీ మచ్చ కాదు. తమలో తాము పెళ్లిళ్లు చేసుకునే ప్రతి సమూహంలోనూ ఇలాంటివి ఏవో ఒకటి ఉంటాయి. ముందే తెలిస్తే డాక్టరు ఆ మందుకు బదులు ఇంకోటి ఇస్తాడు. ఒక్క మాటతో ప్రాణం నిలుస్తుంది.

మా ఇంటికి దగ్గరైన ఉదాహరణ ఇంకొకటి. ఎంవైబీపీసీ3 అనే గుండె జన్యువులో 25 అక్షరాలు లోపించడం దక్షిణాసియా వాళ్లలో నూటికి నలుగురిలో కనిపిస్తుందని తంగరాజ్ బృందమే 2009లో చెప్పింది. అది ఉన్న అందరికీ జబ్బు రాదు. కానీ నడివయసు దాటాక గుండె బలహీనపడే ప్రమాదం పెరుగుతుంది. ఉందని తెలిస్తే అప్పుడప్పుడు ఎకో తీయించుకోవచ్చు, బీపీ అదుపులో పెట్టుకోవచ్చు, ఆయాసం వస్తే తేలిగ్గా తీసుకోకుండా ఉండవచ్చు.

ఫలితం ఎవరిది?

ఇక మా ఆవిడ ప్రశ్నకు వస్తాను. తోబుట్టువుల డీఎన్ఏలో సగటున సగం ఉమ్మడి. నా ఫలితం వస్తే అది సగం మా తమ్ముడి గురించి, సగం మా అమ్మాయి గురించి కూడా.

ఐస్‌లాండ్‌లో ఇది దేశం మొత్తానికి ఎదురైంది. అక్కడ 'డీకోడ్' సంస్థకు లక్షకు పైగా మంది స్వచ్ఛందంగా నమూనాలు ఇచ్చారు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు బాగా పెంచే బీఆర్‌సీఏ2 జన్యుమార్పు ఎవరిలో ఉందో ఆ సంస్థకు తెలుసు. వంశావళి పుస్తకాలు పక్కాగా ఉన్న దేశం కాబట్టి, రక్తం ఇవ్వని చుట్టాల సంగతి కూడా చాలావరకు లెక్కకట్టవచ్చు. చెబితే ప్రాణాలు నిలుస్తాయి. కానీ చెప్పమని వాళ్లు అడగలేదు కదా? ఏళ్ల తరబడి వాదన నడిచింది. చివరికి 2018లో ఒక వెబ్‌సైట్ పెట్టారు. తెలుసుకోవాలనుకున్నవాళ్లు తామే అక్కడ అడగాలి, అడగనివాళ్లకు ఎవరూ చెప్పరు.

మన భాషలో చెప్పాలంటే డీఎన్ఏ జాయింట్ ఖాతా. ఒక్కరి సంతకంతో నడుస్తుంది, కానీ ఖాతాదారులు చాలామంది. మనం "ఐదర్ ఆర్ సర్వైవర్" ఖాతా తెరిచేటప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి వివరిస్తాం. ఇక్కడ మిగతా ఖాతాదారులను పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ పని మనమే చేయాలి.

బీమా, చట్టం

మా తమ్ముడి మొదటి అనుమానం బీమా గురించి. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఒక గుండె రోగి కేసులో, ఆరోగ్య బీమాలో జన్యుపరమైన జబ్బులన్నిటినీ గంపగుత్తగా మినహాయించడం వివక్ష అని చెప్పింది. మార్చిలో ఐఆర్‌డీఏఐ, ఆ మినహాయింపు సాకుతో క్లెయిములు తిరస్కరించవద్దని బీమా కంపెనీలను ఆదేశించింది. ఇవి ఆరోగ్య బీమాకు సంబంధించినవి. అమెరికాలో 2008 నుంచి 'జీనా' అనే చట్టం ఆరోగ్య బీమాలో, ఉద్యోగంలో జన్యు వివక్షను నిషేధిస్తోంది, జీవిత బీమాకు మాత్రం వర్తించదు. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పరిశోధన నుంచి ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఉంది.

సంతకానికి ముందు ఇవి అడగండి: నమూనా ఎన్నాళ్లు దాస్తారు? కంపెనీలకు ఇస్తారా? తప్పుకుంటే నమూనా నాశనం చేస్తారా? ఎలాంటి ఫలితాలు చెబుతారు? చెప్పేటప్పుడు జన్యు సలహాదారు ఉంటారా? నేను పోయాక ఫలితం వస్తే ఎవరికి చెబుతారు? ఈ చివరిది నామినీ ప్రశ్న. మన వాళ్లకు గుర్తుచేయనక్కర్లేదు.

మా ఇంట్లో ఏం జరిగింది

సంక్రాంతికి అందరం ఊళ్లో కలిశాం. భోజనాలయ్యాక ఫారం తీశాను. తమ్ముడు వెంటనే, "నాకు తెలియొద్దన్నయ్యా. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంది. జబ్బున్న వంశం అని ఒక్క మాట బయటికి పొక్కితే చాలు" అన్నాడు. అది వట్టి భయం అని కొట్టిపారేయలేకపోయాను. సంబంధాలు ఎలా తప్పిపోతాయో చూసినవాళ్లమే. ఇంటర్ చదివే మా అమ్మాయి మాత్రం, "నా సంగతి నాకు పద్దెనిమిది నిండాక నేను చెబుతా నాన్నా" అంది. పెద్దయ్యాక వచ్చే జబ్బుల విషయంలో పిల్లలకు పరీక్ష చేయకుండా, వాళ్లే నిర్ణయించుకునే వయసు దాకా ఆగాలని నిపుణులు కూడా చెబుతారు.

అమ్మ వద్దంటుందనుకున్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ నాన్నకు ఆయాసం వస్తే ఆరు నెలలు గ్యాస్ అనుకున్నాం రా. సోడా తాగించాను నేను" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాటతో నా నిర్ణయం అయిపోయింది. మొదటి ప్రశ్నకు, గుండె జబ్బుల పరిశోధనకు మాత్రమే అని, వేరేదానికైతే మళ్లీ అడగాలని రాశాను. రెండోదానికి, అనుమతి తీసుకున్న పరిశోధకులతో పంచుకోవచ్చని. మూడోదానికి, చికిత్సో జాగ్రత్తో ఉన్న ఫలితాలైతేనే చెప్పమని, మిగతావి వద్దని.

తమ్ముడి విషయం అంత తేలిగ్గా తేలలేదు. "నీకేమైనా తెలిస్తే నాకు చెప్పకు. ఎకో చేయించుకోమంటే చేయించుకుంటా" అన్నాడు. కాస్త ఆగి నేనే అన్నాను, "ఫలితం వచ్చాక చేయించుకోమంటే నీకు సంగతి తెలిసిపోదూ?" ఇద్దరం నవ్వుకున్నాం, కానీ దారి దొరికింది. నా ఫలితం రాకముందే, పోయిన నెల వాడు ఎకో చేయించుకున్నాడు. గుండె బాగానే ఉందన్నారు. ఇక ఏటా చేయించుకుంటానన్నాడు.

నా ఫలితం ఇంకా రాలేదు.